తారిణి నిజంగా నెమ్మదైన బోటేనా? ఇద్దరితో సముద్రాలు దాటాలంటే బరువైనదా, తేలికైనదా?

చుక్కాని, ఆక్లాండ్

మా సెయిలింగ్ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా ఇదే గొడవ. అక్కడ రాసింది అరగంటకే పైకి కొట్టుకుపోతోంది, అందుకే ఇక్కడ తీరిగ్గా మొదలుపెడుతున్నా.

సంగతి ఇది. మన నేవీ తెరచాప బోటు తారిణి 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. ఆరుగురు మహిళా అధికారులు, వర్తికా జోషి కెప్టెన్. వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళు, విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య. మొత్తం 254 రోజులు, అందులో సముద్రం మీద గడిచినవి 199, దూరం 21,600 నాటికల్ మైళ్ళు. గ్రూపులో ఒకాయన దీన్ని భాగించి చూపించారు: రోజుకు 108 మైళ్ళు, అంటే సగటున నాలుగున్నర నాట్స్ (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు). "56 అడుగుల బోటు, 25 మీటర్ల మాస్ట్ (తెరచాప స్తంభం), నాలుగున్నర నాట్సేనా? 23 టన్నుల బరువు పెట్టి కట్టారు, అందుకే కదలదు, పాతకాలం డిజైన్" అని తేల్చేశారు. చాలామంది తలూపారు కూడా.

నాకు ఆ మాట గుచ్చుకుంది. మనవాళ్ళు వెళ్ళిన బోటు అని కాదు, లెక్క తప్పు కాదు గానీ ఆ లెక్క నుంచి తీసిన తీర్పు తప్పు. పైగా ఇది నాకు సొంత విషయం. మా ఆవిడా నేనూ వచ్చే ఏడాది 50 అడుగుల దగ్గర్లో ఒక సెకండ్ హ్యాండ్ బోటు కొనాలనుకుంటున్నాం, ఇద్దరమే పసిఫిక్ దీవులు తిరగాలని. చూసిన ప్రతి బ్రోకరూ తేలికపాటి కొత్త బోట్ల వైపే తోస్తున్నాడు.

నా అనుభవం ఒకటి చెప్తా. మూడేళ్ళ కింద న్యూజిలాండ్‌లోని ఓపువా నుంచి ఫిజీకి వేరేవాళ్ళ బోటు చేరవేయడానికి నలుగురం వెళ్ళాం. 50 అడుగులు, తేలిక, వెడల్పు, లోపల హోటల్ గదిలా ఉంటుంది. రెండు రోజులు ఎదురుగాలి. ప్రతి కెరటం దిగినప్పుడూ ముందు అడుగుభాగం నీళ్ళ మీద ధబేల్‌మని కొట్టుకునేది, పడుకున్నవాడు పరుపు మీద నుంచి లేచి పడేవాడు. రెండో రాత్రి ముందు కేబిన్ బాత్రూమ్ తలుపు గడియ పడటం మానేసింది. చెమ్మకి చెక్క ఉబ్బిందేమో అనుకున్నాం. పొద్దున గాలి తగ్గి బోటు నిటారుగా నిలబడ్డాక అదే తలుపు టక్కున పడింది. చెక్క ఉబ్బలేదన్నమాట, బోటే మెలితిరుగుతోంది. ఆ తర్వాత రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నా వాదన: తారిణి లాంటి బరువైన, గట్టి బోటే ఇద్దరికి సరైనది, వేగం రెండో విషయం. కాదనేవాళ్ళు కారణంతో చెప్పండి.

ఆటుపోటు, సౌతాంప్టన్

కాదంటున్నా. బోట్ల నిర్మాణంలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా, కాబట్టి కాస్త గట్టిగానే అంటున్నా, ఏమనుకోకండి.

ముందు మీ తలుపు సంగతి. అది బరువు సమస్య కాదు, బిగువు సమస్య. బరువు వేరు, బలం వేరు. తేలికైన బోటును ఎంతో బిగువుగా కట్టొచ్చు, రేసు బోట్లు అలాగే కడతారు. డబ్బు మిగుల్చుకోవడానికి అడుగున బిగువు కోసం ఉండే చట్రాన్ని, అంటే గ్రిడ్‌ను, సరిగ్గా అతకకపోతే ఎంత బరువైనదైనా మెలితిరుగుతుంది. మీరు ఒక చవక బోటును చూసి తేలికపాటి బోట్లన్నిటికీ శిక్ష వేస్తున్నారు.

రెండోది, బరువు ఊరికే రాదు. ప్రతి అదనపు టన్నును గాలితోనే తొయ్యాలి. తొయ్యాలంటే పెద్ద తెరచాప కావాలి, దానికి పొడవైన మాస్ట్, దానికి లావు తాళ్ళు, వాటిని చుట్టి లాగే పెద్ద వించ్‌లు. అవన్నీ లాగాల్సింది మీ ఇద్దరే. గాలి రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. 15 నాట్స్‌లో చిటికెన వేలితో లాగిన తాడు 30 నాట్స్‌లో మనిషిని లాక్కుపోతుంది. తేలిక బోటుకు చిన్న తెరచాప చాలు, ఇద్దరికి అదే కదా భద్రత.

మూడోది వేగం. మీరు దాన్ని రెండో విషయం అన్నారు గానీ, వేగమే వాతావరణం నుంచి కాపాడుతుంది. ఐదు రోజుల ముందే వాయుగుండం ఎటు వెళ్తుందో ఫోన్‌లో కనబడే కాలం ఇది. రోజుకు 190 మైళ్ళు వెళ్ళే బోటు పక్కకు తప్పుకుంటుంది, 110 మైళ్ళ బోటు అక్కడే ఉండి దెబ్బ తింటుంది. తారిణి సిబ్బంది లిటిల్టన్ నుంచి పోర్ట్ స్టాన్లీ వెళ్ళేటప్పుడు పసిఫిక్‌లో 60 నాట్స్ దాటిన గాలి తిన్నారు. వాళ్ళ ధైర్యానికి దండం పెడతా. కానీ నా చెల్లెలు వెళ్తానంటే తప్పించుకోగల బోటు ఇచ్చి పంపుతా గానీ తట్టుకోగల బోటు ఇచ్చి కాదు.

సాగర్_లేజర్, హైదరాబాద్

అన్నా, నేను హుస్సేన్ సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడిపేవాణ్ణి, పెద్ద బోటు ఎక్కింది లేదు. లేజర్ హల్, అంటే పడవ ఒడలు, 59 కిలోలు, దాని మీద 74 కిలోల నేను. నా బరువు రెండు కిలోలు పెరిగినా తేలిక గాలిలో తెలిసిపోతుంది, వెనకపడిపోతా. అదే గాలి గట్టిగా ఉన్న రోజు నాకంటే లావుగా ఉన్నవాళ్ళే ముందుంటారు. కాబట్టి బరువు మంచిదా చెడ్డదా అనేది గాలిని బట్టి కదా?

నా అసలు ప్రశ్న, 23 టన్నులు అంటే వినడానికి భయంగా ఉంది. కానీ అంత పొడవు బోటుకు అది ఎక్కువా, మామూలా? ఎవరైనా లెక్క చూపించండి.

చుక్కాని, ఆక్లాండ్

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది అడగకుండానే మేమంతా మూడు రోజులు కొట్టుకున్నాం.

బరువును పొడవుతో పోల్చే ఒక పాత నిష్పత్తి ఉంది. బరువును లాంగ్ టన్నుల్లో (ఒకటి 1,016 కిలోలు) తీసుకుని, నీటి గీత పొడవు, అంటే నీటిమట్టం దగ్గర బోటు పొడవు, అడుగుల్లో తీసుకుని వందతో భాగించి, దాన్ని ఘనం చేసి, దాంతో బరువును భాగించాలి. తారిణి నీటి గీత 50 అడుగులు అని పెట్టుకుంటా, ఇది నేను అనుకున్నది, బ్రోషర్‌లో చూసింది కాదు. 23 టన్నులకు వచ్చేది 181. 48 అడుగులే అనుకున్నా 205. పాతకాలం నిజంగా బరువైన బోట్లు, ఉదాహరణకు వెస్ట్‌సెయిల్ 32 లాంటివి, 400 దాటతాయి. అంటే తారిణి మధ్యస్థం. "పాతకాలం బరువు బోటు" అన్నది మొదటి మెట్టు మీదే పడిపోయింది.

ఇంకోటి. బ్రోకర్లు చూపే 50 అడుగుల తేలిక బోటు, నీటి గీత 46, బరువు 14 టన్నులు అనుకుందాం. నిష్పత్తి 142 వస్తుంది. కానీ బ్రోషర్‌లో ఉండేది ఖాళీ బోటు బరువు. దాని మీద ఇద్దరికి మూడు నెలల తిండి, ట్యాంకుల నిండా నీళ్ళు, డీజిల్, చిన్న బోటు, దాని ఇంజిన్, సోలార్ ప్యానెళ్ళు, రెండో లంగరు, గొలుసు, పనిముట్లు వేస్తే మూడు టన్నులు ఎక్కడికీ పోవు. 17 టన్నులైతే అదే బోటు 172కి వచ్చేస్తుంది. ఆటుపోటు గారూ, మీరు చెప్పిన ఆ 190 మైళ్ళు ఖాళీ బోటువా, నిండు బోటువా?

కుదుపు ఎంత ఉంటుందో చెప్పే కంఫర్ట్ రేషియో కూడా వేసి చూశా. తారిణి వెడల్పు 5 మీటర్లు వేసుకుంటే 36 వచ్చింది, ఆ ఖాళీ బోటుకు పదిహేనున్నర అడుగుల వెడల్పుతో 26. నేను ఫిజీ దారిలో పరుపు మీద నుంచి లేచి పడింది ఆ 26 లాంటిదాని మీదే.

తిరగబడే గుణం చూసే లెక్కలో రెండు కంటే తక్కువ రావాలంటారు. తారిణికి 1.77, తేలికదానికి 1.98. ఇది ఊరికే పుట్టిన లెక్క కాదు. ఇంగ్లండ్ నుంచి సాగే ఫాస్ట్‌నెట్ రేసు 1979లో తుపానులో చిక్కుకుని, 303 బోట్లు బయల్దేరితే 86 చేరాయి, 15 మంది రేసు నావికులు చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పరిశీలనల్లోంచి వచ్చింది ఇది.

ఆటుపోటు, సౌతాంప్టన్

బరువు నిష్పత్తి ఒప్పుకుంటున్నా. తారిణి నేను అనుకున్నంత బరువైనది కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటా. నిండు బోటు విషయం కూడా నిజమే. తేలిక బోటును సామాన్లతో నింపేస్తే దాని గుణమే పోతుంది, ఇది మా కస్టమర్లకి చెప్పి చెప్పి అలిసిపోయాం.

కానీ మిగతా రెండు లెక్కల మీద అంత నమ్మకం వద్దండి. కంఫర్ట్ రేషియో కట్టిన టెడ్ బ్రూవరే దాన్ని సరదాకి అల్లానని రాసుకున్నాడు. తిరగబడే లెక్కలో వెడల్పు, బరువు రెండే ఉంటాయి. ఆ బరువు ఎక్కడుందో దానికి తెలీదు. కీల్ (బోటు కింద ఉండే బరువైన రెక్క) అడుగున ఉన్న సీసమంతా తీసి మాస్ట్ కొనకు కట్టండి, అదే 1.77 వస్తుంది. బోటు మాత్రం రేవులోనే బోర్లా పడుతుంది. ఒక బోటును దీంతో మంచిదని చెప్పడం ఎత్తు, బరువు చూసి మనిషి ఆరోగ్యం చెప్పడమే.

అడగాల్సింది వేరే. బోటు ఎన్ని డిగ్రీలు ఒరిగేదాకా తనంతట తాను లేస్తుంది? దాన్ని చూపే వక్రరేఖ అడగండి. వెడల్పాటి కొత్త బోట్లు చాలావాటికి 120 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఇరుకైన, లోతు కీల్ ఉన్నవాటికి అంతకంటే పైనే. ఇది మీ వాదనకే పనికొస్తుంది, తెలిసే చెప్తున్నా. ఇంకో మాట, యూరప్ నిబంధనల ప్రకారం బోటుకి వేసే 'ఏ కేటగిరీ' స్టిక్కర్ చూసి మురిసిపోకండి. గాలిని కొలిచే బోఫర్ట్ స్కేలులో ఎనిమిదో నంబరు గాలి, నాలుగు మీటర్ల అల దాటిన చోట తిరగడానికి తగినది అని దాని అర్థం. పదేళ్ళు వాడాక ఆ బోటు ఎలా ఉందో స్టిక్కర్ చెప్పదు.

పడమటిగాలి, కాకినాడ

ఇంతసేపూ ఎవరూ మ్హాదేయి పేరెత్తలేదేం? తారిణికి అక్క అది. రెండూ ఒకే గీతల మీద కట్టినవి, నెదర్లాండ్స్‌లోని వాన్ డి స్టాట్ వాళ్ళ టోంగా 56 డిజైన్. కట్టింది కూడా గోవాలో దివార్ దీవి మీదున్న ఒకే యార్డు. లోపల చెక్క, పైన ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ.

నేవీ అధికారి అభిలాష్ టోమీ 2012 నవంబర్ 1న ముంబైలో మ్హాదేయి ఎక్కి, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి 2013 మార్చి 31కి వచ్చేశాడు. 151 రోజులు, 23,100 మైళ్ళు. భాగించండి. రోజుకు 153, అంటే దాదాపు ఆరున్నర నాట్స్.

అదే హల్. ఒకసారి నాలుగున్నర, ఒకసారి ఆరున్నర. డిజైన్ నెమ్మదిదైతే ఒక్కడు ఎలా ఆరున్నర లాగాడు?

సాగర్_లేజర్, హైదరాబాద్

ఇది అదిరింది. మరి తేడా ఎక్కడ వచ్చింది?

పడమటిగాలి, కాకినాడ

నాకు తోచింది చెప్తా. ఆగకుండా వెళ్ళేవాడు దక్షిణాన బలమైన పడమటి గాలుల్లోకి ఒకసారి దిగితే అక్కడే ఉంటాడు, గాలివాటంగా దూసుకుపోతాడు. తారిణి ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ అని నాలుగు చోట్ల ఆగాలి. ప్రతిసారీ ఆ గాలుల్లోంచి బయటికొచ్చి, రేవులోకి వెళ్ళి, మళ్ళీ దిగాలి. చివర కేప్‌టౌన్‌లో మార్చి 14న బయల్దేరి ఏప్రిల్, మే నెలల్లో భూమధ్యరేఖ దాటి ఇటు రావాలి. ఆ కాలంలో మన వైపు సముద్రం ఎలా ఉంటుందో కాకినాడ జాలరిని అడిగినా చెప్తాడు, అద్దంలా ఉంటుంది, గాలి పడిపోతుంది. దానికి తోడు మధ్యలో చుక్కాని యంత్రాంగం చెడి మారిషస్‌లో పోర్ట్ లూయీకి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఒక్క అంచెకే 68 రోజులు పట్టింది, మరమ్మతుకు ఆగినవాటితో కలిపి. ఇవన్నీ ఒకే సగటులో పోసి బోటు నెమ్మది అంటే ఎలా? రైలు సిగ్నల్ దగ్గర ఆగిన టైమంతా ఇంజిన్ మీద వెయ్యడమే.

సగటు చెప్పనిది ఇంకోటి ఉంది. 50 అడుగుల నీటి గీతకు హల్ హాయిగా అందుకునే వేగం తొమ్మిదిన్నర నాట్స్ దాకా ఉంటుంది. పొడవు పెరిగితేనే అది పెరుగుతుంది. 1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ మొదటిసారి ఒంటరిగా ఆగకుండా చుట్టొచ్చిన సుహైలి 32 అడుగులు, అది కూడా మన బొంబాయిలో కట్టిందే. దానికి 312 రోజులు పట్టింది. మ్హాదేయికి సగం కూడా పట్టలేదు. తారిణి 56 అడుగులు ఎందుకు అనేదానికి జవాబు అక్కడుంది.

ఆటుపోటు, సౌతాంప్టన్

మ్హాదేయి లెక్కకు నా దగ్గర ఎదురు లేదు. కానీ గాలి లేని చోట బరువు ఏం చేస్తుందో కూడా మీరే చెప్పారు గమనించండి. అద్దంలాంటి సముద్రంలో 23 టన్నులు కదలాలంటే నరకం. నేను నడిపిన ఒక తేలిక బోటు ఏడు నాట్స్ గాలిలో ఐదు నాట్స్ పోయేది. భూమధ్యరేఖ దగ్గర తెరచాపలు పటపటా కొట్టుకుంటూ వారం పాటు ఊగితే తాళ్ళు అరుగుతాయి, కుట్లు తెగుతాయి, మనుషులు ఒకరిమీద ఒకరు చిరాకుపడతారు. తుపాను గురించే అందరూ మాట్లాడతారు గానీ ఉష్ణమండలంలో తిరిగేవాళ్ళకి ఎక్కువ రోజులు పోయేది గాలి లేకే.

విశాఖ_కెరటం, విశాఖపట్నం

ఓడల ఇంజిన్ రూముల్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. అందరూ బరువు, వేగం అంటున్నారు. పడమటిగాలి గారు దారినపోతూ అన్న ముక్క మీద మాత్రం ఎవరూ ఆగలేదు. తారిణి ఆగింది ఎందుకు? బరువు వల్ల కాదు, అలల వల్ల కాదు, పసిఫిక్‌లో అంత గాలి తిని కూడా కాదు. స్టీరింగ్ చెడి.

పెద్ద బోటును చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ముందు హాల్లో సోఫా మీద కూర్చుంటారు. నేనైతే వెనక అర తెరిచి తల లోపలికి దూరుస్తా. చక్రం తిప్పితే గొలుసు, గొలుసుకి వైరు, వైరు పుల్లీల మీద తిరిగి క్వాడ్రంట్‌ని లాగుతుంది, అది చుక్కాని ఇరుసుని తిప్పుతుంది. చాలా బోట్లలో వరస ఇదే, కొన్నింటిలో హైడ్రాలిక్ ఉంటుంది. ఇందులో ఏ ఒక్కటి పోయినా 23 టన్నులు గాలికొదిలేసినట్టే. వైరు మీద పాత గుడ్డ చుట్టి మెల్లిగా జరపండి. ఒక్క పోగు తెగి ఉన్నా గుడ్డని పట్టుకుంటుంది. పుల్లీ పక్కన నల్లటి పొడి కనబడితే ఎక్కడో రాసుకుంటోందని అర్థం. ఎమర్జెన్సీ టిల్లర్ (చక్రం పనిచెయ్యకపోతే చుక్కానిని నేరుగా తిప్పే కడ్డీ) అడగండి. అడిగి ఊరుకోకండి, దాన్ని బిగించి, రేవు బయటికి తీసుకెళ్ళి ఐదు నాట్స్‌లో దాంతోనే నడిపించండి. నేను ఒక మిత్రుడి బోటులో అలా చేయిస్తే ఆ టిల్లర్ వెనక పరుపుల గదిలోకి తేలింది, మంచం పీకితే గానీ తిరగలేదు! పదిహేనేళ్ళు ఆ బోటు అలాగే తిరిగింది, ఎవరూ ఒక్కసారి బిగించి చూడలేదు.

ఇంకోటి కీల్ బోల్టులు. 2014 మేలో చీకీ రఫీకీ అనే బోటు అట్లాంటిక్‌లో కీల్ ఊడి తిరగబడింది, నలుగురూ పోయారు. దర్యాప్తులో తేలినదాని సారం, అంతకుముందు నేలకు తగలడాలు, మరమ్మతులు కలిసి అతుకుని బలహీనం చేసి ఉండొచ్చని. బోటు తేలికదా బరువైనదా అన్నదానికంటే అది ఎన్నిసార్లు నేలకు తగిలింది, తగిలాక ఎవరు విప్పి చూశారు అన్నది అడగండి.

నీలిగీత, పెర్త్

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఆడమనిషి చేతుల వైపు నుంచి చూడలేదు, అందుకే రాస్తున్నా. మా ఆయనా నేనూ 45 అడుగుల బోటులో ఆరేళ్ళుగా తిరుగుతున్నాం. నా బరువు 52 కిలోలు.

ఇక్కడ వేసవి మధ్యాహ్నాలు నైరుతి నుంచి గాలి కొడుతుంది, ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు. జెరాల్డ్‌టన్ నుంచి దక్షిణానికి తిరిగొస్తుంటే అది నేరుగా మొహం మీదే. ఒక సాయంత్రం 28 నాట్స్ దాటింది, రెండో రీఫ్ కట్టాలి, అంటే తెరచాపని ఇంకోసారి కుదించాలి. ఆయన చక్రం దగ్గర, నేను మాస్ట్ దగ్గర. రీఫ్ తాడు లాగుతుంటే వించ్ మీద ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కి బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. తెరచాప సగం దిగి సగం నిలబడి కొట్టుకుంటోంది, బోటు మొత్తం వణుకుతోంది. మగవాళ్ళు ఎక్కువమంది ఇక్కడ బలం పెట్టి లాగుతారు, నాకు ఆ బలం లేదు. ఇంకో తాడు తీసి, బిగుసుకున్న తాడు మీద జారని ముడి వేసి, దాన్ని రెండో వించ్‌కి తీసుకెళ్ళి బరువు దాని మీదకి మార్చా. మొదటి వించ్ మీద చుట్లు వదులయ్యాయి, విప్పా. పదిహేను నిమిషాలు పట్టింది. అక్కడ రెండో వించ్ లేకపోతే కత్తితో తాడు కొయ్యడమే దిక్కు. బోటు డిజైన్ బాగుందా లేదా అని నన్నడిగితే నేను చూసేది ఇది: పక్కనే రెండో వించ్ ఉందా, అక్కడ మోకాళ్ళు ఆనించుకోవడానికి చోటుందా, నా ఎత్తుకి హ్యాండిల్ పూర్తిగా తిరుగుతుందా.

చుక్కాని గారు బరువే ముఖ్యం అన్నారు, ఆటుపోటు గారు చిన్న తెరచాపే ముఖ్యం అన్నారు. కానీ 2024 అక్టోబర్ 2న ఇదే తారిణిలో నేవీ అధికారులు దిల్నా, రూపా ఇద్దరే బయల్దేరి 2025 మే 29కి గోవా వచ్చారు, 25,400 మైళ్ళకు పైగా. ఆరుగురు నడిపిన బోటునే ఇద్దరు నడిపారు. బరువు మారలేదు, మాస్ట్ పొట్టిదవలేదు. వాళ్ళు ఏళ్ళ తరబడి అదే బోటులో శిక్షణ తీసుకున్నారు, ప్రతి తాడూ చీకట్లో చేతికి తెలుసు. ఇక్కడ ఫ్రీమాంటిల్‌లో ఆగినప్పుడు రేవు మీద నిలబడి తారిణిని చాలాసేపు చూశా, లోపలికి వెళ్ళే అవకాశం రాలేదు. ఆ మాస్ట్ చూస్తే మెడ నొప్పి పుట్టింది, అప్పుడు మాత్రం ఇది నావల్ల కాదు అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

లోపలి సంగతి కూడా. వెడల్పు హాలు మెరీనాలో ముద్దొస్తుంది. బోటు 25 డిగ్రీలు ఒరిగినప్పుడు ఆ హాలు ఒక గోడ నుంచి ఇంకో గోడకి పన్నెండు అడుగుల జారుడుబల్ల. చెయ్యి చాపిన ప్రతి చోటా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. వంటగది చిన్నదిగా, మూడు వైపులా మూసినట్టు ఉండాలి, నడుముకి పట్టీ కట్టుకుని నిలబడితే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫ్రాన్స్‌లో కట్టిన ఆమెల్ సూపర్ మారాము అని 50 అడుగుల పైన ఉండే పాత బోటు చూడండి. రెండు మాస్ట్‌ల మీద తెరచాపని పంచారు కాబట్టి ఏదీ మరీ పెద్దది కాదు, చుట్టడానికి మోటార్లు, నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా అడ్డుగోడలు, చుక్కాని ముందు దాన్ని కాచే స్కెగ్. వయసు మళ్ళిన జంటలు దాంట్లో ప్రపంచం తిరుగుతున్నారు. వేగంలో గొప్పదేం కాదు, కానీ ఇద్దరు మనుషుల్ని ముందు కూర్చోబెట్టి గీసిన బోటు అది.

ఆటుపోటు, సౌతాంప్టన్

నీలిగీత గారూ, ఆ వించ్ పేరా ఈరోజు మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించా. మేం డెక్ మీద వించ్‌ల చోటు గీసేటప్పుడు ముందు తాడు కోణమే చూస్తాం, మోకాళ్ళు ఎక్కడ ఆనతాయో చివరికి గుర్తొస్తుంది.

సూపర్ మారాము మీద ఒక్క అభ్యంతరం. మోటార్లతో చుట్టే తెరచాప సగం చుట్టాక ఇరుక్కుంటే మీ రెండో వించ్ ఉపాయం అక్కడ పనిచెయ్యదు. కొనేవాళ్ళు కరెంటు ఆపేసి హ్యాండిల్‌తో చుట్టి చూడాలి, అది కూడా గాలి ఉన్న రోజు.

బరువు విషయంలో మాత్రం నేను పూర్తిగా మారలేదు. ఉష్ణమండలంలోనే తిరిగేవాళ్ళకి, సామాను అదుపులో పెట్టుకోగలిగితే, బిగువుగా కట్టిన తేలిక బోటే ఇప్పటికీ నా ఓటు. కేప్ హార్న్ చుట్టేవాళ్ళకైతే తారిణి.

చుక్కాని, ఆక్లాండ్

మేం వెళ్ళేది టోంగా, ఫిజీ, వనువాటు. అంటే మీ లెక్కన తేలికదే తీసుకోవాలి. కానీ అక్కడికి వెళ్ళాలన్నా, తిరిగి న్యూజిలాండ్ రావాలన్నా ముందు ఈ వెయ్యి మైళ్ళు దాటాలి. నా తలుపు మూసుకోనిది ఆ వెయ్యి మైళ్ళలోనే. అక్కడ నేను మీతో కలవలేను.

అయినా మొదటి పోస్టులో రాసిన ఒక ముక్క మార్చుకుంటున్నా. బరువు చూసి బోటు ఎంచుకుంటాననుకున్నా, ఇప్పుడు ఆ వరస మారింది. శనివారం వాంగరేలో ఒకటి చూడ్డానికి వెళ్తున్నాం, 1990ల నాటిది, 49 అడుగులు, 18 టన్నులు అంటున్నారు. విశాఖ కెరటం గారు చెప్పినట్టు పాత గుడ్డ ఒకటి సంచిలో పెట్టుకున్నా. ఎమర్జెన్సీ టిల్లర్ బిగించి రేవు బయట నడిపిస్తేనే ముందుకెళ్దామని బ్రోకర్‌కి ఫోన్ చేసి చెప్పా, కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరే అన్నాడు. వించ్‌ల దగ్గర నిలబడి చూసే పని మా ఆవిడదే, నేను అక్కడ నోరెత్తను.

నీలిగీత గారూ, ఆ జారని ముడి పేరేంటో చెప్పగలరా? శనివారం లోపు మా ఇద్దరికీ చేతికి రావాలి.

నీలిగీత, పెర్త్

రోలింగ్ హిచ్. లాగే వైపు రెండు చుట్లు, అవి దాటాక అవతలి వైపు ఒకటి. తాడు తడిసి ఉన్నప్పుడు కూడా వేసి చూడండి, కళ్ళు మూసుకుని.